మా మెట్ల మీది మలుపు బండ

వరంగల్ ఇంటి పై వాటాలో అద్దెకుంటున్న స్రవంతి ఒకరోజు పొద్దున్నే వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. బయటి మెట్లు మలుపు తిరిగే చోట ఉండే చప్టాను కింద నిలబడి తీసిన ఫోటో అది. ప్లాస్టరు పెచ్చులూడి, లోపల తుప్పు మరక చాటంత వెడల్పున కనిపిస్తోంది. "ఆంటీ, జర వచ్చి చూడున్రి. బాబు దీని మీదనే ఆడుతుంటడు, భయమైతాంది" అని రాసింది. స్రవంతి నర్సు, ఊరికే భయపడే మనిషి కాదు. నాకు నోరెక్కువ. అద్దెకున్నవాళ్లు నల్లా కారుతోందని చెప్పినా ముందు నాలుగు మాటలని, ఆ తర్వాతే మనిషిని పంపుతాను. మా పిల్లలు ఈ విషయంలో నన్ను ఆటపట్టిస్తారు కూడా. ఆ రోజు మాత్రం ముందు ఒక మేస్త్రీకి ఫోన్ చేశాను. "నేనొచ్చేదాకా ఎవరూ మెట్లు దిగొద్దు" అని పంపి, తాగుతున్న టీ అక్కడే వదిలేసి హన్మకొండ నుంచి ఆటో ఎక్కాను.

ఆ ఇల్లు నా వాటాకు వచ్చి పదిహేనేళ్లు దాటింది. అద్దె మాట్లాడటానికో, సున్నాలు వేయించడానికో ఎన్నోసార్లు వెళ్లాను కానీ వాకిట్లోనే నిలబడి పని చూసుకుని వచ్చేదాన్ని. ఆ మెట్లు ఎక్కేదాన్ని కాదు. మోకాళ్ల నొప్పులని అందరికీ చెప్పేదాన్ని. మోకాళ్ల నొప్పులు ఈ మధ్య వచ్చినవే.

నేను పిలిచిన కుమార్ అనే కుర్ర మేస్త్రీ నాకంటే ముందే వచ్చి చప్టా కింద మూడు ఇనుప జాకీలు బిగించాడు. ఆ తర్వాతే స్రవంతినీ బాబునూ చెయ్యి పట్టుకుని దింపాడు. కింది వాటా ఖాళీగానే ఉంది కాబట్టి పని అయ్యేదాకా వాళ్లను అందులో ఉండమన్నాను. కుమార్ సుత్తితో మెట్లన్నీ ఒక్కొక్కటే కొట్టి చూశాడు. పై నీళ్ల ట్యాంకు నిండి పొర్లినప్పుడల్లా నీళ్లు మెట్ల అతుకులోకి దిగుతున్నాయట, మెట్లలో చువ్వలు తుప్పు పట్టి ఉబ్బాయట, రెండు వరసలూ పడగొట్టి కొత్తగా పోయాలట. చప్టా దగ్గరికి వచ్చేసరికి మాత్రం అతని సుత్తి చప్పుడు మారింది. ఊడిన పెచ్చుల్ని గీకి, లోపలికి టార్చి వేసి చాలాసేపు చూశాడు. "అమ్మా, మెట్లు కట్టినోడు వేరు, ఇది కట్టినోడు వేరు. దీంట్ల చువ్వలు కావు, రైలు పట్టాలున్నయ్. గోడను దాటి లోపలి అర్ర దాక పోయినయ్. పైన తుప్పు మరక తప్ప దీనికేం కాలే, ఏనుగు నిలబడ్డా మోస్తది. ఎవరు కట్టిన్రమ్మా?" అన్నాడు.  తర్వాత చెప్తానని వచ్చేశాను.

నా చిన్నప్పుడు అక్కడ ఈ చప్టా లేదు, చాలా ఏళ్ల తర్వాత బాపు వేరేవాళ్లతో పోయించిన ఈ సిమెంటు మెట్లూ లేవు. మెట్లన్నీ రాతి పలకలు, మలుపులో రెండు టేకు దూలాల మీద పరిచిన ఒకే ఒక పెద్ద బండ. దాన్ని మలుపు బండ అనేవాళ్లం. కింద మేం ఉండేవాళ్లం. మేం బాపు అనీ, బయటివాళ్లు సేటు అనీ పిలిచే మా నాన్నకు బజార్లో పసుపు, ఎండుమిర్చి దుకాణం. ఇంట్లో ఏ మూల ముక్కు పెట్టినా ఆ రెండు వాసనలే, మా బడి పుస్తకాలు తెరిస్తే కూడా తుమ్మొచ్చేది. పై వాటాలో ఖాజా మేస్త్రీ, ఆయన భార్య రహీమా, వాళ్ల బిడ్డ జరీనా అద్దెకుండేవాళ్లు. ఆయన్ను ఖాజా చిన్నాయిన, ఆమెను రహీమా చిన్నమ్మ అని పిలిచేదాన్ని. జరీనా, నేను ఒకే ఈడు, ఒకే తరగతి. ఖాజా చిన్నాయిన ఇండ్లు కట్టే మేస్త్రీ. పొద్దున సిమెంటు మోసే గమేలా నెత్తిన బోర్లించుకుని వెళ్లి, పొద్దు గూకే వేళకు సున్నం కొట్టిన గోడలా తెల్లగా వచ్చేవాడు. ఎవరింట్లో కూర్చున్నా ముందు గోడను వేళ్లతో తట్టి, చెవి పెట్టి వినేవాడు. ఆయనకది అలవాటు. మా నాయినమ్మ నవ్వి, "ఏందిరా ఖాజా, గోడకు జెరమొచ్చిందా" అనేది.

ఇంట్లో పెత్తనమంతా నాయినమ్మది. తెల్లవారకముందే తలస్నానం, తడి చీరతోనే పూజ, పూజ అయ్యాక పంచాంగం. ఆ పంచాంగానికి ఆముదం మరకలు, పసుపు వేలిముద్రలు ఉండేవి. అందులో చూడకుండా ఆమె కొత్త చీపురు కూడా వాడేది కాదు. మడి విషయంలో ఎవరి మాటా వినేది కాదు. అలాగని రహీమా చిన్నమ్మ అంటే ఇష్టం లేదా అంటే, ఆమె వండిన ఖుబానీ మీఠా వాసన వస్తే ఆ పూట నాయినమ్మ పూజ మధ్యలో రెండుసార్లు గొంతు సవరించుకునేది. ఆ ఇష్టానికీ ఆ మడికీ మధ్య ఆమె ఒక దారి కనిపెట్టింది. ఇచ్చేవీ తీసుకునేవీ ఏవీ చేతి నుంచి చేతికి పోకూడదు, మలుపు బండ మీద పెట్టాలి. పైనుంచి రహీమా చిన్నమ్మ వచ్చి గిన్నె అక్కడ పెట్టి రెండు మెట్లు వెనక్కి జరిగేది. నాయినమ్మ కింది మెట్లెక్కి గిన్నె తీసుకుని, చెంబెడు నీళ్లు బండ మీద కుమ్మరించి దిగేది. రోజుకు ఎన్నిసార్లు ఇచ్చిపుచ్చుకుంటే అన్ని చెంబులు. ఆ రెండు మెట్ల దూరంలో నిలబడే ఇద్దరూ గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. ఉప్పుతో మొదలుపెట్టి ఊళ్లోవాళ్ల సంసారాలన్నీ అక్కడే చక్కబెట్టేవాళ్లు. పూలకు మాత్రం మినహాయింపు. రహీమా చిన్నమ్మ పుట్టినిల్లు రఘునాథపల్లి. బతుకమ్మ నాడు వాళ్ల తమ్ముడు గోనెసంచెడు గునుగు, తంగేడు పూలు తెచ్చి ఇచ్చేవాడు. పూలకు మైల లేదని నాయినమ్మ ఆ ఒక్కరోజు నీళ్లు పోసేది కాదు. చిన్నప్పుడు అది నాకు చాలా న్యాయంగా తోచేది. ఇప్పుడు తలచుకుంటే నవ్వూ రాదు, కోపమూ రాదు.

ఏళ్ల తరబడి పోసిన ఆ చెంబుల నీళ్లు బండ సందుల్లోంచి దిగి దూలాలను తింటున్నాయని ముందుగా కనిపెట్టింది ఖాజా చిన్నాయినే. ఒకనాడు పని నుంచి వస్తూ మెట్ల కింద ఆగి, తాపీ పిడితో దూలాన్ని తట్టి విన్నాడు. వెంటనే నాయినమ్మను పిలిచాడు.

"అమ్మా, కట్టె పుచ్చింది. వేలు పెడితే లోపలికి పోతాంది. మీ నీళ్లకే నానింది. రెండు దినాల పని, సేటు ఊ అంటే రేపే మొదలు పెడ్త."

"పెద్దల దినాలు నడుస్తున్నయ్ ఖాజా. ఇప్పుడు ఇంటికి గడ్డపార తగలొద్దు. పెత్రమాస పోనియ్."

"పెత్రమాస పోతే బతుకమ్మ అంటరు."

"బతుకమ్మ పోతే దసరా. దసరా తెల్లారి చేస్కో. నేనేమన్న వద్దంటాన్నా?"

ఖాజా చిన్నాయిన గట్టిగా నవ్వి, "సరే అమ్మా, మీ పంచాంగం మీది, నా కట్టె నాది" అన్నాడు. సాయంత్రానికల్లా ఒక లావుపాటి సరుగుడు కట్టె తెచ్చి బండ కింద ఊతగా నిలబెట్టాడు. కట్టెకూ నేలకూ మధ్య ఏటవాలు చెక్క ఒకటి పెట్టి, అది బిగిసేదాకా సుత్తితో కొట్టాడు. కట్టెను ఊపి చూశాడు, దానికి చెవి ఆనించాడు, మళ్లీ రెండు దెబ్బలు కొట్టాడు. అప్పుడు జరీనానూ నన్నూ పిలిచి, "ఈ కట్టెను ఎవ్వరు ముట్టొద్దు. బట్టలారేసే తాడు గూడ కట్టొద్దు. దీని మీదనే అందరి పానం ఉన్నది, తెలిసిందా" అన్నాడు. ఇద్దరం తలలూపాం. నాకు అప్పుడు పన్నెండేళ్లు. ఆ మాట అర్థం కాని వయసు కాదు.

మా వాకిలి పెద్దది కాదు. సద్దుల బతుకమ్మ నాడు గల్లీ ఆడవాళ్లంతా మా వాకిట్లోనే ఆడేవాళ్లు. ఆ కట్టె సరిగ్గా అందరూ తిరిగే దారిలో పడింది. మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే వాకిట్లో ముగ్గు వేస్తున్నాను. కట్టె నా ముగ్గును రెండు ముక్కలు చేస్తోంది. ఇంట్లో మా అందరి కంటే పెద్ద బతుకమ్మ పేర్చుకున్నానన్న గర్వం, వచ్చిన పిల్లలు వాకిలి ఇరుకని ఎగతాళి చేస్తారేమోనన్న ఉడుకుమోత్తనం. ఒక్క పూటకే కదా అనుకున్నాను. ఆట అయ్యాక మళ్లీ పెట్టేద్దామనుకున్నాను. పచ్చడి బండ తెచ్చి చెక్కను పక్కనుంచి కొట్టాను. నాలుగు దెబ్బలకే ఊడింది. కట్టెను తీసి గోడకు ఆనించాను, చెక్కను కిటికీ గట్టు మీద పెట్టాను. మలుపు బండ కదల్లేదు, చిన్న చప్పుడు కూడా చెయ్యలేదు. దానితో నా ధైర్యం ఇంకాస్త పెరిగింది.

ఆ సాయంత్రం ఆ బండ కింద నుంచే ముప్పై మంది ఆడవాళ్లు తిరుగుతూ ఆడారు. జరీనా నా పక్కనే చప్పట్లు కొట్టింది. రహీమా చిన్నమ్మ పై మెట్టు మీద కూర్చుని చూసింది. ఖాజా చిన్నాయిన ఆ రెండు రోజులు స్టేషన్ ఘన్‌పూర్‌లో ఏదో స్లాబు పనికి పోయి ఉన్నాడు. ఆట కాగానే అందరం చెరువుకు పోయాం, బతుకమ్మల్ని నీళ్లలో వదిలాం, ఒకరికొకరం సత్తుపిండి పంచుకున్నాం. ఇంటికి వచ్చేసరికి కాళ్లు గుంజుతున్నాయి. వాకిట్లో కట్టె గోడకు ఆనుకునే ఉంది. నేను దాని పక్కనుంచే లోపలికి పోయి పడుకున్నాను. మరిచిపోయానా, రేపు చూద్దాంలే అనుకున్నానా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. మరిచిపోయానని ఒకప్పుడు ఒట్టేసి చెప్పేదాన్నేమో, ఇప్పుడు చెప్పలేను.

దసరా పొద్దున నాయినమ్మ నాకు తల దువ్వుతోంది. ముందురోజు సద్దులు పెట్టి పంపిన ఇత్తడి తాంబాళం తిరిగివ్వడానికి రహీమా చిన్నమ్మ మెట్లు దిగి వచ్చింది. ఖాళీ పళ్లెం తిరిగివ్వకూడదు కదా, దాని నిండా సీతాఫలాలు పేర్చి తెచ్చింది. "అమ్మా, పండుగ పూట ముందుగాల మీకే" అంది పైనుంచి. నాయినమ్మ నా జడ వదిలేసి, చెంబు పట్టుకుని వాకిట్లోకి వెళ్లింది. తాంబాళం బండ మీద పెట్టిన చప్పుడు విన్నాను. ఆ వెంటనే ఇల్లంతా అదిరింది. నేను పరిగెత్తుకొచ్చేసరికి మలుపు దగ్గర ఏమీ లేదు, ఆకాశం కనిపిస్తోంది. కింద దుమ్ము, రాళ్లు, చితికిన సీతాఫలాలు, వాటి మధ్య రహీమా చిన్నమ్మ. నాయినమ్మ మొదటి మెట్టు మీద చెంబు పట్టుకుని అలాగే నిలబడి ఉంది. తర్వాత ఆ చెంబు కింద పెట్టేసి, ఆ రాళ్ల మధ్యకు పోయి, రహీమా చిన్నమ్మ తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమెను నాయినమ్మ ముట్టుకోవడం నేను చూడటం అదే మొదలు.

కబురంది ఖాజా చిన్నాయిన వచ్చేసరికి ఆమెను దవాఖానకు తీసుకుపోయారు. ఆయన నేరుగా అక్కడికి పోయి, మధ్యాహ్నం బట్టల కోసం ఎవరిదో నిచ్చెన తీసుకుని ఇంటికి వచ్చాడు. వాకిట్లో గల్లీ జనం. అప్పటికే ఎవరో అంటున్నారు, కట్టె పెట్టిన తర్వాత బండ ఎట్ల పడుతుందని. ఆయన కట్టె ఆనించి ఉన్న గోడ వైపు, కిటికీ వైపు చూశాడు. తర్వాత బాపుతో, అందరికీ వినిపించేలా, "నా కట్టెనే జారింది సేటు. చెక్క గట్టిగ కొట్టలే. తప్పు నాదే" అన్నాడు. నేను తలుపు చాటున తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్లలో నేను అందరికంటే ఎక్కువ అసహ్యించుకున్నది ఆ ప్రాణం లేచొచ్చిన క్షణాన్నే.

తొమ్మిదో రోజు రహీమా చిన్నమ్మ పోయింది. జరీనా నా భుజం మీద తల పెట్టి ఏడిస్తే ఊరుకో ఊరుకో అని వీపు నిమిరాను. కట్టె తీసిన చెయ్యీ అదే. ఖాజా మేస్త్రీ కట్టె జారిందన్న మాట ఊళ్లో పాకిపోయింది. కూలీలు, మేస్త్రీలు పొద్దున నిలబడే అడ్డా మీద, "పెండ్లాం కాళ్ల కింద కట్టె నిలబెట్టరానోడు మన స్లాబుకేం కడ్తడు" అన్నారట. ఆయనకు పని పిలుపులు ఆగిపోయాయి. ఇక్కడ నాయినమ్మ, "నా నీళ్లే మింగినయ్ ఆమెను" అని గోడ వైపు తిరిగి పడుకునేది. ఇద్దరు పెద్దవాళ్లు తప్పు నాదంటే నాదని చెరో వైపు మోస్తుంటే, నేను రెండు పూటలా అన్నం తిని బడికి పోయాను.

నలభై దినాల ఫాతెహా అయిన తర్వాత ఖాజా చిన్నాయిన బాపు దగ్గరికి వచ్చి, "ఇల్లు ఖాళీ చేస్త సేటు, మా నెక్కొండకు పోత. పోయే ముందు ఆ మలుపు నేనే కట్టి పోత. రేపు ఇంకెవరన్న ఎక్కి దిగుతరు గద" అన్నాడు. బాపు కాదనలేకపోయాడు. నాయినమ్మ పంచాంగం అడగనే లేదు. ఎక్కడినుంచో పాత రైలు పట్టాల ముక్కలు తెచ్చాడు. గోడకు తూట్లు పొడిచి వాటిని లోపలి దాకా దించాడు. ఒక్క మనిషిని సాయం పెట్టుకోలేదు. కాంక్రీటు పోసిన తర్వాత చుట్టూ మట్టితో చిన్న గట్టు కట్టి, ఇరవై ఒక్క రోజులు దాన్ని నీళ్లతో నింపాడు. ఆఖరి రోజు గట్టు తీసేసి, శుభ్రంగా కడిగి, నాయినమ్మ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "అమ్మా, ఇగ ఫికర్ లేదు. ఇప్పుడు ఎన్ని నీళ్లన్న పోస్కోన్రి" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, పని పూర్తయిందని చెప్పడమే. నాయినమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆమె ఆ మెట్ల వైపు చెంబు పట్టుకుని పోలేదు.

కుమార్ మేస్త్రీ అడిగిన ప్రశ్న నన్ను నెక్కొండకు పంపింది. బాపు పెట్టెలో జరీనా పెండ్లి కార్డు ఉంది. ఆ పెండ్లికి బాపు ఒక్కడే పోయాడు, నేను పరీక్షలన్నాను. ప్యాసింజర్ బండి దిగి స్టేషను బయట అడిగితే నాలుగో మనిషి దారి చూపించాడు. జరీనా బట్టలు కుడుతూ కూర్చుని ఉంది. కళ్లద్దాలు పైకి జరిపి చూసి, "పద్మా" అంది. యాభై ఏళ్ల తర్వాత, ఒక్క చూపులో. ఖాజా చిన్నాయిన ఆరేళ్ల కింద పోయాడట. వరంగల్ వదిలాక మళ్లీ మేస్త్రీ పని చెయ్యలేదట, వడ్ల మిల్లులో కాపలా ఉన్నాడట. చాయ్ పెట్టి ఇచ్చింది. నేను గ్లాసు కింద పెట్టి చెప్పేశాను. ముగ్గు, పచ్చడి బండ, కిటికీ గట్టు, అంతా.

జరీనా గుడ్డ మడత పెడుతూనే ఉంది. "నాకెరుకే" అంది.

"ఎట్ల?"

"అబ్బ చెప్పిండు. కట్టె జారితే ఆ రాళ్ల కింద పడి ఉంటది గద పద్మా. గోడకు ఆనిచ్చి ఉంటదా? చెక్క కిటికీల ఉంటదా? గా దినమే అబ్బ గా చెక్క తీసి జేబుల ఏస్కున్నడు, ఎవ్వరు చూడకముందే. నీ ముగ్గు చేతి గుర్తులు దాని మీదనే ఉండెనట."

"మరి నా పేరెందుకు చెప్పలే?"

"ఆడపిల్ల, పేరు బయట పడ్తె జిందగీ మొత్తం మోస్తది, మనం మోద్దాం తీయ్ అన్నడు." ఆమె మడత పెట్టిన గుడ్డను మళ్లీ విప్పింది. "నేను నీ మీద మస్తు కోపం చేస్తుంటి. అబ్బనే ఆపేటోడు. చిన్నపిల్ల, భయపడ్డది, ఇయ్యాల కాకుంటే రేపు అదే వచ్చి చెప్తది అనేటోడు. బతుకమ్మ వచ్చినప్పుడల్లా గదే మాట. ఈ ఏడు వస్తదేమో అని."

"ఎన్నేండ్లు అన్నడట్ల?"

"పోయేదాక" అంది జరీనా.

ఆమె నన్ను తిట్టలేదు, దగ్గరికీ తీసుకోలేదు. చాయ్ చల్లగయితాంది తాగు అంది. తాగాను. బండి దాకా తోడు రాలేదు, గుమ్మం దాకా వచ్చింది.

మర్నాడు వరంగల్ ఇంటికి పోయాను. ఈ రోజుల్లో మనం అన్నీ తెలిసినవాళ్లం. పంచాంగం చూడకుండానే జాకీలు పెట్టించాను, ఇంజనీరు చేత కూడా చూపించాను. మడి అని ఎవరూ నీళ్లు పొయ్యరు, గిన్నెలు చేతికే అందిస్తారు. అందించడానికి ఎవరికీ తీరిక ఉండదు, అంతే తేడా. స్రవంతి కొడుకు జాకీ మీద చెయ్యి వేయబోతే వాళ్లమ్మ కంటే ముందు నేనే అరిచాను, వాడు బిక్కమొహం వేశాడు. కుమార్ అప్పటికే పాత మెట్లు పడగొట్టేశాడు, ఇక అక్కర్లేదని జాకీలు కూడా తీసేశాడు. చప్టా ఒక్కటే ఏ ఆధారమూ లేనట్టు గోడకు నిలబడి ఉంది. కూలీలు ఇద్దరు, స్రవంతి, ఎదురింట్లో కొత్తగా దిగినవాళ్లు నిలబడి చూస్తున్నారు. గల్లీ అంతా మారిపోయింది, ఆనాడు వాకిట్లో నిలబడి ఖాజా చిన్నాయిన మాట విన్నవాళ్లలో ఒక్కరూ లేరు. "పేరు చెప్తనంటిరి గదమ్మా" అన్నాడు కుమార్.

"ఖాజా మేస్త్రీ" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "ఆయన పెట్టిన కట్టె జారలేదు. నేనే తీసిన."

కుమార్ తాపీ పక్కన పెట్టి నా వైపు చూశాడు. "అట్లనా అమ్మా" అన్నాడు మర్యాదగా. "ఆయిన ఎవరో నాకు ఎరుక లేదు."